కుడి అంచు పైకి

వానలు మొదలై అప్పుడే ఊరంతా తడిబట్టల వాసన వేస్తోంది. టోక్యో పడమటి శివార్లలో ఒక పాత అచ్చాఫీసు మేడ మీద ముగ్గురు న్యాయనిర్ణేతలు తెర ముందు కూర్చున్నారు. బొమ్మలకు మార్కులు వేయవలసినవాడు కజియామా. చిత్రకళ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, భార్య పోయి కొన్నేళ్ళయింది. సంగీతం సంగతి చూసేది హొషినాగారు. కథ సంగతి ఇసోబెది. పత్రికలో సమీక్షలు రాసే అతనికి నోటి దురుసు కాస్త ఎక్కువ.

ఆ ఏటి బహుమతికి చివరిదాకా నిలిచిన యానిమే బొమ్మల సీరియల్ ‘నక్కదీపాల లోయ’. ఊరి నిప్పును నక్కలు ఎత్తుకుపోతే నగి అనే పిల్ల లోయలోకి వెళ్ళి, దాన్ని తెచ్చుకుని ఇల్లు చేరుతుంది. ఆఖరి భాగం ఇంకా టీవీలో రాలేదు. వీళ్ళకు ముందుగా చూపించారు.

“కథ మరీ మామూలుగా ఉంది,” అన్నాడు ఇసోబె ఒళ్ళు విరుచుకుంటూ. “వెళ్ళింది, తెచ్చింది, వచ్చింది. మా అమ్మ కూరగాయలకి వెళ్ళొచ్చినట్టే.”

“మీ అమ్మగారు నక్కలతో బేరమాడతారా?” అంది హొషినాగారు. “సంగీతం మాత్రం బంగారం. కాకపోతే ఆ పిల్ల గుమ్మం ఎక్కేచోట వాద్యాలన్నీ ఆపేసి వేణువు ఒక్కటే ఉంచాడు. నా చేతులు చల్లబడ్డాయి. ఇంటికొచ్చిన బిడ్డకి అలాంటి పాటేమిటో!”

కజియామా తెర వైపు వంగాడు. “ఆ గుమ్మం దగ్గర ఒక్కసారి ఆపించండి,” అన్నాడు.

బొమ్మ నిలిచిపోయింది. చూరు నుంచి జారే ఒక్కొక్క చినుకునూ వేరువేరుగా గీశారు. నగి గడ్డిచెప్పు తాడు తెగిపోతే ఎవరో దారిలో ఎర్ర గుడ్డపీలికతో ముడి వేసిపెట్టారు. కథలో ఎక్కడా లేని ఆ చిన్న దయను చూసి ఆయన మనసు మెత్తబడింది. తర్వాత చూపు పిల్ల మెడ కిందికి దిగింది. ఒంటికి చుట్టుకున్న కిమోనో కుడి అంచు ఎడమ అంచు మీదికి వచ్చి ఉంది.

బతికున్నవాళ్ళకు ఎడమ అంచే పైకి రావాలి. కుడి అంచు పైకి వేసి చుట్టేది పోయినవాళ్ళకే.

“అద్దం పొరపాటు,” అన్నాడు ఇసోబె. “బొమ్మలేసేవాళ్ళు బల్ల మీద అద్దం పెట్టుకుని తమని తాము చూసే కదా గీస్తారు? అటుది ఇటు అయిపోయింది. ఒక మార్కు కొట్టేయండి, పోతుంది.”

ఆ పొరపాటు కజియామాకు తెలియనిది కాదు. అద్దం పెట్టుకోండి, కానీ కిమోనో అంచు దగ్గర మాత్రం దాన్ని నమ్మకండి అని ఏటా పిల్లలకు చెప్పింది ఆయనే. అయినా మనసు ఒప్పుకోక వెనకటి భాగాలు వేయించాడు. మొదట్లో అంతా సవ్యంగానే ఉంది. లోయ మధ్యలో ఒక్కచోట అంచు తారుమారైంది. ఆ తర్వాతి భాగంలో నగి కనిపించిన ప్రతిచోటా అంతే. ఆఖరి భాగానికి వచ్చేసరికి ఎదురొచ్చిన అమ్మమ్మకూ, పక్కింటివాళ్ళకూ కుడి అంచే పైకి ఉంది. అమ్మమ్మ నవ్వుతూ మనవరాలి స్నానానికి తొట్టిలో ముందు చన్నీళ్ళు పోసి, వాటి మీద వేణ్ణీళ్ళు పోసింది.

నీళ్ళు ఆ వరసలో కలిపేది కూడా పోయినవాళ్ళకు చేయించే ఆఖరి స్నానానికే. తన భార్యకు ఆ నీళ్ళు కలిపింది కజియామానే. ఆయన పోస్తుంటే తొట్టి పట్టుకుని నిలబడింది ఆయన శిష్యురాలు మినసె. తెర మీద చిత్రకారుల పేర్లలో అన్నిటికంటే పైన ఉన్నది కూడా ఆ మినసె పేరే.

“ఇది పొరపాటు కాదు,” అన్నాడాయన. “ఈ పిల్ల ఇల్లు చేరలేదు.”

“అమ్మో, భలే భయపెట్టారు మాస్టారూ! అయితే కథకి ఇంకో మార్కు కలపమంటారా?”

హొషినాగారు నవ్వలేదు. “రాసినవాడికి ఈ సంగతి తెలుసా?”

ఇసోబె తన దగ్గరున్న కథ ప్రతి తిరగేశాడు. అతని గొంతు కాస్త తగ్గింది. “‘నగి క్షేమంగా ఇల్లు చేరింది’ అనే ఉందండీ ఇందులో.”

అంటే ఆ సంగతి తెలిసింది గీసిన చేతికి మాత్రమే. అలా గీసిన పిల్ల ఎలా ఉందోనన్న దిగులుతో కజియామా మినసెకు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు.

“మార్కులెక్కడికీ పోవు,” అంటూ హొషినాగారు తన గొడుగు ఆయన చేతిలో పెట్టింది. “ముందు మీరు బయల్దేరండి.”

రైలు అద్దాల మీద వాన అడ్డంగా పారుతోంది. స్టేషన్ రాగానే ఆయన వయసూ చేతిలోని గొడుగూ మరిచిపోయి గబగబా నడిచాడు. మినసె గది తలుపు కొట్టాడు. లోపల అలికిడి లేదు. మరోసారి కొట్టాక గడియ తీసిన చప్పుడైంది.

“మాస్టారూ! ఇంత వానలో... తడిసి ముద్దయ్యారే!”

మనిషి చిక్కిపోయింది. గది మాత్రం భయం పుట్టేంత శుభ్రంగా ఉంది. పెన్సిళ్ళు చెక్కి, కట్ట కట్టి పెట్టింది. బల్ల మీద అద్దం బోర్లా పడుకోబెట్టి ఉంది.

“నగి అంచు చూశాను,” అన్నాడాయన, గుమ్మంలోనే నిలబడి.

మినసె ఆయన చేతిలోని గొడుగు తీసుకుని గుమ్మం దగ్గర ఆనించింది. “మొదటిది పొరపాటే మాస్టారూ. మీరు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినా ఆ అద్దాన్నే నమ్మాను. దిద్దుదామనుకునేసరికి చెయ్యి దాటిపోయింది. రంగులేసేవాళ్ళ ముందు నుంచి, సరిచూసేవాళ్ళ ముందు నుంచి, దర్శకుడి ముందు నుంచి వెళ్ళింది. ఒక్కరి కంటా పడలేదు. ఆ తర్వాత కావాలనే వేశాను. చచ్చిపోయిన పిల్ల అందరి మధ్యా తిరుగుతుంటే ఎవరైనా చూస్తారా అని.”

“ఆఖరి భాగంలో కూడా ఎవరూ చూడకపోతే?”

ఆమె పెన్సిళ్ళ కట్ట వైపు చూసింది. “నేను పెంచుకున్న పిల్లిని కూడా కింది వాటా ఆవిడకి ఇచ్చేశాను,” అంది.

కజియామా చెప్పులు విడిచి లోపలికొచ్చి కూర్చున్నాడు. ఏ మాట అంటే ఏమవుతుందో తెలియలేదు. “కాసిని వేణ్ణీళ్ళు ఇస్తావా తల్లీ? మరీ వేడిగా వద్దు.”

“మీది ఇంకా వేడి ఓర్చుకోలేని పిల్లి నాలుకేనా?” అంది మినసె. పెదవి చివర చిన్న కదలిక.

కప్పు తీసి కొళాయి కింద పట్టింది. కప్పు సగం చన్నీళ్ళతో నిండాక మరుగుతున్న కెటిల్ ఎత్తింది. చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఆయన చూస్తున్నాడని ఆమెకు తెలుసు. వద్దని మాత్రం ఆయన అనలేదు. కెటిల్ మూతి నుంచి ఆవిరి వచ్చి ఆమె ముఖాన్ని కప్పేసింది.

మినసె కప్పులో నీళ్ళు కొళాయి కింద పారబోసింది. ముందు వేణ్ణీళ్ళు పోసింది. ఆ తర్వాత, జాగ్రత్తగా, చన్నీళ్ళు.

ఆయన రెండు చేతులా కప్పు అందుకుని తాగాడు. నాలుక కాలలేదు.

“కింది వాటా ఆవిడ ఇంట్లోనే ఉంటుందా ఈ వేళప్పుడు?” అని అడిగాడు. “ఇద్దరం కలిసే అడుగుదాం. నేను అడిగితే పిల్లిని తిరిగి ఇస్తుందేమో.”

మినసె తల ఊపిందో లేదో ఆయనకు తెలియలేదు. బల్ల మీద అద్దం ఇంకా బోర్లానే ఉంది. బయట వాన తగ్గలేదు. కజియామా గొడుగును తలుపు పక్కకు జరిపి, ఇప్పట్లో లేచే ఉద్దేశం లేనివాడిలా కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు.