పదిహేడో నిబంధన

తెల్లారి ఆరింటికి బల్ల దగ్గర నిలబడిన మునిలక్ష్మి అప్పటికి ఎన్ని వందల కాయలు కోసిందో ఆమెకే తెలీదు. బంగారుపాళ్యం పక్కనున్న ఆ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో జూలై నెలంటే మనుషులకు తుమ్మడానికి కూడా తీరుబడి ఉండదు. లారీల్లోంచి తోతాపురి దిగుతూనే ఉంటుంది. తొట్లో కడిగిన కాయలు బల్ల మీదికి దొర్లుతూనే ఉంటాయి. బల్లకు రెండు పక్కలా నలభై మంది ఆడవాళ్ళు తొడిమలు కోసి, మచ్చలు చెక్కి, ముందుకు తోస్తూనే ఉంటారు. సొన పడి వేళ్ళ సందులు పుండ్లవుతాయి. రాత్రి కారం కలిపిన అన్నంలో చెయ్యి పెడితే ప్రాణం పోయినంత పనవుతుంది. దానికి రోజుకూలి అరవై రూపాయలు.

పదకొండు గంటలప్పుడు మేస్త్రీ శాంతయ్య వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు.

"మునిలచ్చిమా, ఆఫీసుకు ఫోనొచ్చిండాది. నీ కూతురి కాలేజీ నించి. రెండు గంటల్లోపల రావాలంట. రాకుంటే పిల్లకు టీసీ ఇచ్చి పంపిస్తారంట."

ఆమె చేతిలో కత్తి ఆగిపోయింది. టీసీ అంటే ఏమిటో ఆమెకు తెలుసు. పుస్తకాలు మూటగట్టుకుని ఇంటికి రావడం.

"ఏం జేసినాదంటబ్బా?"

"నాకేం తెలుసు మా? పోతే పో. ఐతే పూట కూలి రాదు. నీ జాగాలో ఇంకొకామెను నిలబెడతా. రేపు ఖాళీ ఉంటే సూస్తాం."

ఆ మాట విన్న పక్కావిడ అప్పుడే కొంచెం జరిగి మునిలక్ష్మి జాగాను సగం ఆక్రమించింది. ఆమెను తప్పుపట్టడానికేమీ లేదు. బయట గేటు దగ్గర పనికోసం ఇంకో పదిమంది కూర్చునే ఉన్నారు.

చిత్తూరు బస్సులో కూర్చున్నాక గానీ మునిలక్ష్మికి చీర సంగతి గుర్తుకు రాలేదు. కుచ్చిళ్ళ నిండా మామిడి రసం ఎండి అట్టకట్టి ఉంది. ఈగలు ఆమెతోపాటే టిక్కెట్టు లేకుండా ప్రయాణం చేస్తున్నాయి. కూతురు తలదించుకుంటుందేమో అనుకుంది. మొగుడు చెంగల్రాయుడు బెంగుళూరులో మేడలు కట్టే పనికి పోయి ఆరేళ్ళయింది. ఏడాదికి రెండుసార్లు వస్తాడు. ఇంటికి ఆడదిక్కు, మగదిక్కు ఆమే. స్రవంతి బీఎస్సీ కంప్యూటర్లు మూడో సంవత్సరంలోకి వచ్చింది. ఇంకొక్క సంవత్సరం. ఆ ఒక్క సంవత్సరం గడిస్తే తన బిడ్డ ఆ బల్ల దగ్గర కత్తి పట్టుకుని నిలబడక్కర్లేదు. మునిలక్ష్మి దేవుణ్ణి అడిగేది అదొక్కటే. అంతకు మించి అడగడం ఆమెకు అలవాటు లేదు.

కాలేజీ ఊరి చివర ఉంది. మూడంతస్తుల మేడ. ఎడమ పక్క మెట్లు ఆడపిల్లలకు, కుడి పక్క మెట్లు మగపిల్లలకు. గేటు లోపల గోడ మీద నిబంధనలు వరుసగా రాసిపెట్టారు. మొత్తం ముప్పై ఒకటి. అన్నీ చెయ్యకూడనివే. ఫలానాది చెయ్యవచ్చు అని అక్కడ ఒక్క ముక్క లేదు.

స్రవంతి ఆఫీసు వరండాలో స్తంభం పక్కన నిలబడి ఉంది. పొద్దున్నుంచీ అక్కడే. మెడలో ఉండాల్సిన గుర్తింపు కార్డు లేదు.

"ఏమైందే?" అంది మునిలక్ష్మి.

"మామ బండి మింద వచ్చినానని," అంది స్రవంతి. "ఎనిమిది గంటల బస్సు ఆపలేదు మా. పాసు పిల్లోళ్ళను సూస్తే ఆపరు. ఇంకొక బస్సుకు వస్తే తొమ్మిదిన్నర దాటతాది. గేటు మూసేస్తారు. మామ దావలో కనపడి దించి పోయినాడు. మూడు తూర్లే మా."

మునిలక్ష్మి గుండె మీది బరువు దిగిపోయింది. ఇంతేనా! ఆమెకు నవ్వు కూడా వచ్చింది. ఏ పరాయి పిల్లోడి సంగతో అని దారి పొడుగునా చచ్చి బతికింది. తీరా చూస్తే మునిచంద్ర! తన తమ్ముడు!

ప్రిన్సిపాలు సుబ్రమణ్యం చెడ్డమనిషి కాడు. మునిలక్ష్మి కూతురితో లోపలికి రాగానే "కూర్చోమ్మా" అన్నాడు. కుర్చీకి మరకలంటుకుంటాయని ఆమె కూర్చోలేదు. అతను వాచ్‌మన్ పుస్తకం తెరిచి చదివాడు.

"జూన్ ముప్పై, జూలై మూడు, జూలై ఏడు. మీ అమ్మాయి ఒకబ్బాయి బండి మీద వచ్చి గేటు ముందర దిగింది. బండి నంబరు కూడా ఉంది."

"అయ్యో సార్! వాడు పరాయోడు గాదు. నా తమ్ముడు మునిచంద్ర. మోటర్లకు వైండింగ్ జేస్తాడు. మా అమ్మ సచ్చిపోతే నేనే సాకినాను. దీనికి సొంత మేనమామ సార్."

ప్రిన్సిపాలు తల అడ్డంగా ఊపాడు. నీలం అట్ట పుస్తకం తీసి పదిహేడో నిబంధన దగ్గర వేలు పెట్టాడు. "విద్యార్థినులు తండ్రి లేదా తోడబుట్టిన అన్నదమ్ముల వాహనాలపై తప్ప రాకూడదు. మేనమామ లేడమ్మా ఇందులో."

"యాల లేడు సార్?"

"మేనమామంటే వరసైనవాడు గదమ్మా. మన పక్క మేనమామకు పిల్లనిస్తాం గదా. రెండేళ్ళ కింద ఒక పిల్ల మామ అని చెప్పే బండెక్కి పోయింది. మళ్ళీ రాలేదు. వాళ్ళ నాయన వచ్చి ఇదే గదిలో నా చొక్కా పట్టుకున్నాడు. మా మీద నమ్మకంతోనే గదా మీరంతా పిల్లల్ని పంపిస్తా ఉండేది?"

"వీడు అట్లాటోడు గాదు సార్. దాన్ని సంకలో వేసుకోని తిప్పినాడు. ఇద్దరూ ఒకే తట్టలో అన్నం తిన్నోళ్ళు. నాకు పెద్దకొడుకు మాదిరి సార్."

"మాదిరి అనే గడి నా దగ్గర లేదమ్మా," అన్నాడు ప్రిన్సిపాలు. అతని గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఎదురు చెప్పడానికైనా వీలుండేది. "కమిటీ నిన్నే కూర్చుంది. టీసీ రాసి పెట్టారు. ప్రవర్తన అనే గడిలో సంతృప్తికరంగా లేదు అని పడుతుంది. అది పడితే ఇంకే కాలేజీవాళ్ళూ తీసుకోరు. నేనే, తల్లి వచ్చి చెప్పుకునే దాకా ఆగుదామన్నాను."

బల్ల మీద ఆ కాగితం నిజంగానే ఉంది. పైన స్రవంతి పేరు, కింద ఎర్రసిరా. మునిలక్ష్మి ఆ ఎర్రసిరా వైపే చూసింది. ఒక్క సంవత్సరం అనుకుంది. ఒక్క సంవత్సరం.

అప్పుడే ఆమె ఆ మాట అంది. కొత్తమాటేమీ కాదు. ఆ ఊళ్ళో ఆడపిల్ల పుట్టిన పదకొండోనాడే ఎవరో ఒకరు ఉయ్యాల దగ్గర అనే మాట. స్రవంతి లంగా కట్టుకుని వీధిలో నడిస్తే "ఏమే మునిచంద్ర పెండ్లామా" అని ముసలమ్మలు పిలిచేవాళ్ళు. మునిచంద్రకు ఒళ్ళు మండేది. "నవ్వులాటకు గూడా ఆ మాట అనొద్దండి, నేనెత్తి పెంచిన బిడ్డ" అని వాళ్ళ మీదికి పోయేవాడు. ఇదంతా మునిలక్ష్మికి తెలుసు. అయినా భయం ఎదుట నిలబడితే నోటికి ఏది దొరికితే అది వస్తుంది.

"వాడు... దాన్ని కట్టుకోబోయేవాడే సార్," అంది.

ప్రిన్సిపాలు ముఖం విప్పారింది.

"ముందే చెప్పుంటే అయిపోయేది గదమ్మా! ఇంత దూరం ఎందుకు తెచ్చుకున్నారు?"

సొరుగు లాగి అచ్చువేసిన కాగితం తీశాడు. మేనమామకు లేని గడి కాబోయే భర్తకు ఉంది. గుమస్తా ప్రసన్నకుమారిని పిలిచి రాయమన్నాడు. ఆమె పెన్ను మూత తీసి చకచకా రాసుకుపోయింది. "నా కుమార్తె స్రవంతిని నా తమ్ముడైన మునిచంద్రకిచ్చి వివాహం చేయుటకు నిశ్చయించినాము..."

"మా, వద్దు," అంది స్రవంతి.

ఎవరూ తల తిప్పలేదు.

"సార్, నేను మామను పెండ్లి జేసుకోను. అట్లాంటిదేం లేదు సార్."

ప్రసన్నకుమారి పెన్ను ఆగింది. ప్రిన్సిపాలు కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు.

"అయితే మీ అమ్మ చెప్పింది అబద్ధమా?"

మునిలక్ష్మి కూతురి వైపు చూసింది. ఒక్కసారికి ఊరుకో నా తల్లీ అని ఆ చూపు. అవునంటే తల్లి అబద్ధాలకోరు, చేతికి టీసీ. కాదంటే మునిచంద్ర పెళ్ళాం. పందొమ్మిదేళ్ళ పిల్ల ఆ రెంటి మధ్య నిలబడి పెదవి కొరుక్కుంది.

"పెద్దవాళ్ళన్నాక అన్నీ ఆలోచించే చేస్తారు," అని ప్రిన్సిపాలు కళ్ళజోడు పెట్టుకున్నాడు.

మునిలక్ష్మి సంతకం మాత్రం నేర్చుకుంది. నాలుగక్షరాలు రాయడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. పుండు పడిన వేలికి పెన్ను గుచ్చుకుంది. రాశాక కాగితం అంచున పచ్చటి మరక పడింది.

"నా సంతకం యాడ పెట్టాల సార్?" అని అడిగింది స్రవంతి.

"నీది అక్కర్లేదు. తల్లిదండ్రులది చాలు."

నిజంగానే ఆ కాగితంలో ఆమె సంతకానికి చోటు లేదు.

టీసీని అడ్డంగా చించి చెత్తబుట్టలో వేశాడు. గుర్తింపు కార్డు తిరిగిచ్చాడు. ఒక ప్రతి ఫైల్లో, ఒకటి వాచ్‌మన్ దగ్గర, ఇంకొకటి మీకు అన్నాడు. "ఇంక ఆ బండి మీద రావచ్చు. పరీక్షల ఫీజు కట్టేలోపల పెళ్ళి శుభలేఖ ఒకటి ఆఫీసులో ఇవ్వండి. లేకుంటే తప్పుడు సమాచారమని కమిటీ మళ్ళీ నన్నడుగుతుంది."

"శుభలేఖా?" అంది మునిలక్ష్మి.

అతను అప్పటికే ఇంకో ఫైలు తెరిచాడు.

తిరుగు బస్సులో తల్లీకూతుళ్ళు పక్కపక్కనే కూర్చున్నారు. సదువు నిలబడింది గదా, కాగితానిదేముంది, రేపెప్పుడో చూసుకుందాం అని మునిలక్ష్మి పదిసార్లు మనసులో అనుకుంది. పదిసార్లూ శుభలేఖ దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ఆమె ఇంకేం చెయ్యగలదు? ఈ ప్రశ్న ఎవరినైనా అడుగుదామంటే బస్సులో ఉన్నవాళ్ళంతా తనలాంటివాళ్ళే.

బంగారుపాళ్యం దాటి వాళ్ళ ఊరి మలుపులో దిగేసరికి మునిచంద్ర బండి పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. శాంతయ్య చెప్పాడట. అక్కడి నుంచి ఊరు రెండు మైళ్ళు. ముందు మేనకోడలిని ఇంటి దగ్గర దించి, మళ్ళీ వచ్చి అక్కను ఎక్కించుకుపోవడం అతనికి ఏళ్ళ తరబడి అలవాటు.

"ఏమన్నాడక్కా ఆయప్ప, ఆ ప్రిన్సిపాలు? రేపు నేనొచ్చి మాట్లాడాల్నా?"

మునిలక్ష్మి చేతిలోని కాగితాన్ని కొంగు చాటుకు లాక్కుంది.

"ఇంక నీ బండి మింద పోవచ్చంట మామా," అంది స్రవంతి. "పర్మిషనిచ్చినారు."

"మంచిదే గదా! దానికి మొగమెందుకే అట్ల బెట్టుకోనుండావు?"

స్రవంతి తల్లి చేతిలోని కాగితం తీసి అతనికిచ్చింది. అతను గ్రీజు చేతులు ప్యాంటుకు తుడుచుకుని అందుకున్నాడు. చదివాడు. మొదటిసారి అర్థం కాలేదేమో, మళ్ళీ చదివాడు. తన పేరు పక్కన రాసిన 'వివాహం చేయుటకు' అనే రెండు మాటల మీద వేలు ఆగిపోయింది.

"అక్కా," అన్నాడు. "నేనెత్తి పెంచిన బిడ్డను నాకే రాసిచ్చినావా?"

"రాయకుంటే సదువు పోతాది రా! ఎర్రసిరాతో రాసి పెట్టినారు రా! నన్నేం జెయ్యమంటావు?"

మునిలక్ష్మి రోడ్డు మీదే ఏడ్చింది. తమ్ముడు ఓదార్చలేదు. అతనికి కళ్ళెత్తి మేనకోడలి వైపు చూడడానికి కూడా చేతకాలేదు. నిన్నటి దాకా అది పిల్ల. ఈ పూట ఎట్లా చూడాలో తెలీలేదు. కాగితాన్ని నాలుగు మడతలు వేసి, ఎవరికివ్వాలో తోచక చేతిలోనే పట్టుకున్నాడు.

అలవాటు కొద్దీ బండి స్టార్టు చేశాడు గానీ, 'ఎక్కు' అనే మాట నోట్లోంచి రాలేదు.

"నువ్వు పో మామా," అంది స్రవంతి. "ఆ కాగితం వాళ్ళ కాడ ఉన్నన్నాళ్ళు నేను నీ బండెక్కను. రేపట్నించి తెల్లారే లేసి నడుస్తా. ఏ బస్సాపితే ఆ బస్సు. గేటు మూస్తే బయటే నిలబడతా."

పుస్తకాలు రొమ్ముకు అదుముకుని ఆమె ముందుకు నడిచింది. మునిచంద్ర బండి ఆపేశాడు. అక్కను ఎక్కమనలేదు, తానూ ఎక్కలేదు. హ్యాండిల్ పట్టుకుని తోసుకుంటూ ఆమెకు పది బారల వెనక నడిచాడు. మామిడి తోటల మధ్య సన్నటి తుంపర మొదలైంది. మునిలక్ష్మి ఇద్దరి మధ్యా నడుస్తూ, రేపు తెల్లవారి బల్ల దగ్గర తన జాగా ఉంటుందో ఉండదో అనుకుంది. సంతకం పెట్టిన వేలు ఇంకా మండుతూనే ఉంది.