వాలు బల్ల

మా అత్తింట్లో దాన్ని బారు అని ఎవరూ అనరు, షాపు అంటారు. వదిన షాపుకెళ్ళింది, వదిన షాపు నుంచి వచ్చింది, షాపులో పైపు పగిలింది. పెళ్ళయిన కొత్తలో నేను నిజంగానే బట్టల షాపనుకుని, లైనింగు గుడ్డ దొరుకుతుందా అని అత్తగారిని అడిగాను. ఆవిడ లేని దగ్గు తెచ్చుకుని లోపలికి వెళ్ళిపోయారు. అక్కడ దొరికేది ఒంటికి కట్టుకునేది కాదని, కట్టుకున్నది కూడా జారిపోయేలా చేసేదని తర్వాత మా ఆయన చెప్పారు.

వదిన మా ఆయనకి అక్క. అన్నయ్యగారు పోయాక షాపు తనే నడుపుతోంది. కాలేజీ గేటుకి ఎదురు సందులో, బోర్డు మీద అక్షరాలు సగం రాలిపోయిన గది అది. కాపురానికొచ్చి, పిల్లలు కాలేజీకెళ్ళే వయసొచ్చినా నేను ఆ గడప తొక్కలేదు. తొక్కొద్దని ఎవరూ అనలేదు. తొక్కమని కూడా ఎవరూ అనలేదు.

ఈమధ్య కాలేజీ పెరిగింది, దాంతో సందూ మారింది. టైపు ఇన్‌స్టిట్యూట్ కాఫీ షాపయింది. సైకిల్ రిపేరు కొట్టు కాఫీ షాపయింది. ముందునుంచీ ఉన్న ఒకే ఒక్క కాఫీ షాపు మాత్రం, ఎందుకో మరి, జిమ్ము అయింది. ఇక మిగిలింది వదిన షాపు.

ఒక పొద్దున వదిన మా ఇంటికొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. ఎప్పుడూ వచ్చీరాగానే పోపు మాడిందనో, పాలు పొంగాయనో ఏదో ఒక వంక పెట్టే మనిషి, ఆరోజు ఏమీ అనలేదు. అప్పుడే నాకు భయమేసింది. విషయం ఏమిటంటే, షాపున్న బిల్డింగు ఓనరుగారు పోయారు. ఇప్పుడు అది ఆయన భార్య పేరు మీద ఉంది. అగ్రిమెంటు గడువు అయిపోవచ్చింది. ఓనరమ్మ కొడుకు దాన్ని ఏదో కాఫీ కంపెనీకి ఇవ్వాలని చూస్తున్నాడు. ఓనరమ్మ మాత్రం, ఇన్నేళ్ళూ అద్దె తీసుకున్నాం గానీ లోపల ఎలా ఉంటుందో నేను చూడలేదు, శనివారం మధ్యాహ్నం వచ్చి చూసి చెప్తాను అందట.

"నీ ఇంట్లో గరిటెలు కూడా ఎత్తు ప్రకారం నిలబడతాయి," అంది వదిన. "నా షాపుని కాస్త మనిషిని చెయ్యి. అది పోతే నేను ఇంట్లో కూర్చోవాలి. నేను ఇంట్లో కూర్చుంటే ఏమవుతుందో మీ ఆయన్నడుగు."

మా ఆయన పేపరు వెనకనుంచి, వెంటనే వెళ్ళు అన్నారు.

అలా నేను మొదటిసారి షాపు గడప తొక్కాను, చీపురుతో. లోపల పగలే చీకటి. బల్బులు వెలుగుతున్నాయో లేదో దగ్గరికెళ్ళి చూస్తే గానీ తెలియదు. గోడకి ఏ రంగు వేశారన్నది వదినకీ గుర్తులేదు. గది ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక పొడవాటి కర్ర బల్ల, దాని ముందు స్టూళ్ళు. నాకు వికారం రావాలి నిజానికి. కానీ మురికి గిన్నెల గుట్ట చూస్తే కొంతమందికి చేతులు ఊరుకోవు. నేను ఆ జాతి మనిషిని.

రెండు రోజులు అదే పని. నేల కడిగాను. గోడలు తుడిస్తే లోపల లేత నీలం రంగు బయటపడింది. వదిన దాన్ని చూసి, అవును, మా పెళ్ళికి వేయించారు అని కళ్ళొత్తుకుంది. గుడ్డి బల్బులు పీకేసి తెల్లటివి పెట్టాను. గ్లాసులన్నీ వేడినీళ్ళలో కడిగి, తుడిచి, ఆరబెట్టి, బోర్లించి వరస పెట్టాను. అంతా అయ్యాక బల్ల మీద నా చెంబు పెట్టి నీళ్ళు తాగుదామనుకుంటే, చెంబు మెల్లగా బయల్దేరి వెళ్ళిపోయింది.

బల్ల వాలుగా ఉంది. నేలే ఒక వైపుకి కుంగి, దాంతోపాటు బల్లా కుంగింది. ఇలాంటివి చూస్తూ నేను ఊరుకోలేను. బంధువుల ఇళ్ళలో గోడమీద ఫోటో వంకరగా ఉంటే, మాట్లాడుతూ మాట్లాడుతూ లేచి సరిచేసి కూర్చునే అలవాటు నాది. వదిన సరుకు కోసం వెళ్ళిన టైములో వడ్రంగిని పిలిపించాను. అతను రసమట్టం పెట్టి చూశాడు. లోపలి నీటిబుడగ ఒక మూలకి పోయి దాక్కుంది. పల్లపు వైపు కాళ్ళకింద చెక్కముక్కలు దోపి, బుడగని నడిమధ్యకి తెచ్చి నిలబెట్టాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

శనివారం వచ్చింది. ఓనరమ్మకి చూపించడానికి కాస్త పెద్దమనుషుల్లా కనిపించే కస్టమర్లు ఉంటే బావుంటుందని వదిన ఇద్దరిని ముందుగానే రమ్మంది. ఒకరు కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయిన మాస్టారు, ఇంకొకరు సందు మొదట్లో టైలరు. ఇద్దరూ ఎన్నో ఏళ్ళుగా పక్కపక్క స్టూళ్ళలో కూర్చుంటున్నారు. ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వచ్చి, తెల్ల బల్బుల కింద ఒకర్నొకరు చూసుకుని ఆగిపోయారు.

టైలరు గౌరవంగా నమస్కారం పెట్టి, మాస్టారు రాలేదా, మీరు వాళ్ళ నాన్నగారా అని అడిగాడు.

మాస్టారికి చాలా కోపం వచ్చింది. "నీ జుట్టు నల్లదనుకున్నాను ఇన్నాళ్ళూ," అన్నారు. "అసలు జుట్టే లేదు కదయ్యా నీకు."

సరే, ఇద్దరూ కూర్చున్నారు. వదిన గ్లాసు నింపి, అలవాటుగా బల్ల మీద తన చేతికింద పెట్టి, ఇంకో పని చూసుకోవడానికి వెనక్కి తిరిగింది. మాస్టారు కూడా అలవాటుగా అటు చూడకుండానే చెయ్యి చాపి, వేళ్ళు గుండ్రంగా పెట్టుకుని కూర్చున్నారు. గ్లాసు రాలేదు. వదిన తిరిగి చూసింది. గ్లాసు పెట్టినచోటే ఉంది. ముగ్గురూ దానివంక, స్టేషన్ల మధ్యలో ఆగిపోయిన రైలుని చూసినట్టు చూశారు.

అప్పుడు తెలిసింది నాకు, ఆ షాపులో గ్లాసు ఎవరూ తెచ్చివ్వరు. అదే వస్తుంది. వదిన దాని అడుగు నీళ్ళలో ముంచి వదిలితే, అది వాలు మీద తనంతట తానే జారుతూ వెళ్ళి మనిషి చేతిలో ఆగుతుంది. దగ్గరవాళ్ళకి కొంచెం తడి, దూరంవాళ్ళకి ఎక్కువ తడి. కొత్తగా చేరిన స్టూడెంట్లు చివర స్టూలు మీద కూర్చుని గ్లాసుని పట్టుకోవడం నేర్చుకుంటే గానీ కాలేజీలో చేరినట్టు లెక్క కాదట. నేను గ్లాసులు పొడిగా తుడిచి, బల్ల సమం చేసి, ఆ విద్యకి నీళ్ళొదిలేశాను.

వదిన గ్లాసుని ఒక తోపు తోసింది. అది మాస్టారి చేతిని దాటి, టైలరు ఒళ్ళో దిగి, ఇస్త్రీ చొక్కాని నిండా తడిపింది. ఆ క్షణంలోనే ఓనరమ్మ, కొడుకు లోపలికొచ్చారు.

ఓనరమ్మ పొట్టిగా, చేతిలో పెద్ద సంచీతో, ముక్కు మీదికి జారిన కళ్ళజోడుతో ఉంది. కొడుకు చేతిలో టేపు. అతను గోడ చూశాడు, లైట్లు చూశాడు, వరసగా బోర్లించిన గ్లాసులు చూశాడు. తర్వాత ఫోను తీసి బల్ల మీద పెట్టి, అందులో ఏదో బుడగ చూసి మొహం వికసించి, అమ్మా అన్నాడు.

పోయినసారి తను బయటనుంచి చూసి వెళ్ళినప్పుడు ఇదంతా గుహలా ఉందట. కాఫీ మెషీను నిలబడాలంటే సమమైన బల్ల కావాలనీ, వెలుతురు కావాలనీ, గోడలు శుభ్రంగా ఉండాలనీ కంపెనీవాళ్ళు చెప్పారట. ఇదంతా చేయించేది ఎవరని ఇన్నాళ్ళూ తేలక ఆగిపోయిందట. ఇప్పుడు వాళ్ళు మెషీను తెచ్చి పెట్టుకోవడమే తరువాయి. "ఆంటీ, మాకు పని తగ్గించేశారు," అన్నాడు వదినతో, ఎంతో కృతజ్ఞతగా.

వదిన నావైపు చూసింది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. నేను కోతిని కడిగి, తుడిచి, బొట్టుపెట్టి మరీ అప్పగించాను.

అయితే ఒక విషయం నాకు బాగా తెలుసు. సర్దినదాన్ని మళ్ళీ చెరపడం, సర్దిన మనిషికి చేతనైనంత బాగా ఇంకెవరికీ చేతకాదు. నేను చెవి తడుముకుని, అయ్యో, దిద్దు మర పడిపోయిందండీ అంటూ బల్ల కిందికి వంగాను. వంగుతూ ఐసు పగలగొట్టే సుత్తి చేతిలోకి తీసుకున్నాను. కింద చెక్కముక్కలు బిగుసుకుని ఉన్నాయి. ఎంత కొట్టినా కదలవు, పైన బల్ల బరువుంది. నేను మాస్టారి కాలి బొటనవేలిని సుత్తితో మెల్లగా తట్టాను.

మాస్టారు కిందికి తొంగిచూశారు. నేను చెక్కముక్క చూపించి, పైకి అన్నట్టు సైగ చేశాను. లెక్కలాయన కదా, వెంటనే అర్థమైంది. దిద్దు మర వెతకాలంటూ ఆయనా వంగి, బల్ల అంచుకి భుజం ఆనించారు. తడిసిన చొక్కాతో టైలరు కూడా వంగాడు. పైనున్నవాళ్ళకి మేం ముగ్గురం ఎలా కనిపించామో తెలియదు. టైలరుకి మాత్రం ఏమీ అర్థం కాలేదు. చీకట్లో నా చెవిలో, బంగారమేనా అమ్మా అని అడిగాడు. నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే సుత్తి ఎత్తాను.

ఒక ముక్క వచ్చింది, ఇంకోటి వచ్చింది. ధడేల్మని బల్ల కుంగింది. గ్లాసులన్నీ ఒక్కసారి గల్లుమన్నాయి.

ఏమిటా చప్పుడు అన్నాడు కొడుకు.

"ఏం లేదు బాబూ," అంది వదిన, మొహంలో ఒక్క నరం కదలకుండా. "షాపు సర్దుకుంటోంది."

అతను బల్ల మీద పెట్టిన ఫోను బయల్దేరింది. మొదట మెల్లగా, తర్వాత హుషారుగా, మాస్టారి స్టూలు దాటి, టైలరు స్టూలు దాటి వెళ్తుంటే అతను వెంట పరిగెత్తాడు. ఈలోగా ఓనరమ్మ మోకాళ్ళు నొప్పులంటూ చివర స్టూలు మీద కూర్చుంది. ఫోను వచ్చి ఆవిడ సంచీకి తగిలి ఆగింది. ఆవిడ దాన్ని కళ్ళజోడు పైకెత్తి చూసింది, ఎవరు పంపారో అన్నట్టు.

ఏమైనా తాగుతారా అని అడిగాను నేను, చీరకంటిన దుమ్ము దులుపుకుంటూ లేచి. నిమ్మకాయ సోడా ఉంటే ఇమ్మంది. వదిన నిమ్మకాయ పిండి, సోడా పోసి, నావైపు ఒకసారి చూసి, గ్లాసు అడుగుని పూర్తిగా నీళ్ళలో ముంచింది. చివర స్టూలు కదా, ఎక్కువ తడి కావాలి. బల్ల మీద పెట్టి వదిలింది.

గ్లాసు బయల్దేరింది. మధ్యలో ఒకచోట బల్ల మీద పాత మచ్చ దగ్గర కొంచెం తటపటాయించి, పక్కకి తిరిగి, మళ్ళీ దారిలో పడింది. మాస్టారు చెయ్యి వెనక్కి తీసుకుని దారిచ్చారు. అది వెళ్ళి వెళ్ళి ఓనరమ్మ వేళ్ళ ముందు, చుక్కైనా ఒలక్కుండా, వచ్చానండీ అన్నట్టు ఆగింది.

ఓనరమ్మ గ్లాసుని చూసింది. వదినని చూసింది. తర్వాత ఆవిడ నోటినుంచి ఒక నవ్వు వచ్చింది. సన్నగా మొదలై, భుజాలు కదిలి, కళ్ళజోడు ఊడి సంచీలో పడేదాకా నవ్వింది. సోడా గటగటా తాగేసి, ఇంకోటి పంపించు అంది. ఇవ్వు అని కాదు, పంపించు అని. రెండోసారి చెయ్యి ఎత్తి పట్టుకోబోయి వదిలేసింది, గ్లాసు గోడకి కొట్టుకుంది. మూడోసారి పట్టుకుంది. టైలరు చప్పట్లు కొట్టాడు.

కొడుకు మాత్రం టేపు చుట్టుకుంటూ, బల్ల వాలిపోయిందమ్మా, ఇందాక బాగానే ఉంది, కంపెనీవాళ్ళు ఒప్పుకోరు, నేల తవ్వించాలి అంటూ పక్కన చెప్పుకుపోతున్నాడు. ఓనరమ్మ కాసేపు విని, చేత్తో ఆగమంది.

"ఈ సందులో ఏ షాపుకెళ్ళినా లైన్లో నేనే నిలబడాలి. నేనే మోసుకురావాలి, తాగాక నేనే తీసుకెళ్ళి పారేయాలి," అంది. "ఇన్నాళ్ళకి ఒక గ్లాసు తనంతట తాను నా దగ్గరికొచ్చిందిరా. దీన్ని తవ్విస్తావా?"

కొడుకు టేపు జేబులో పెట్టుకున్నాడు. అగ్రిమెంటు కాగితాలు పంపమని వదినకి చెప్పి, ఓనరమ్మ ఒక్కటే షరతు పెట్టింది. శనివారం మధ్యాహ్నాలు చివర స్టూలు తనది. వాళ్ళాయన ఇన్నేళ్ళలో ఒక్కసారైనా తనని ఇక్కడికెందుకు తీసుకురాలేదో ఇప్పుడు అర్థమైందట. ఆ స్టూలు ఆయనదే అయ్యుంటుంది అంది. మాస్టారు పైకప్పు వంక చూశారు. వదిన గ్లాసులు తుడవడం మొదలుపెట్టింది, పొడిగా ఉన్నవాటినే.

వాళ్ళు వెళ్ళాక మాస్టారు దయచేసి ఆ లైట్లు ఆర్పమన్నారు. పాత బల్బులు మళ్ళీ పెట్టాం. గుడ్డి వెలుతురు పరుచుకోగానే టైలరు, అమ్మయ్య, వచ్చారా మాస్టారూ అన్నాడు. చెక్కముక్కలు మాత్రం నేను సంచీలో వేసుకున్నాను. వదిన చూసి, దిద్దు మర దొరికిందా అని అడిగింది. అసలు పోలేదు వదినా అన్నాను. ఆవిడ నన్ను గట్టిగా పట్టుకుని, వచ్చే శనివారం కూడా రా, ఊరికే రా, చీపురు తేకు అంది.

మర్నాడు పొద్దున మా ఆయన డైనింగు టేబుల్ దగ్గర పేపరు చదువుతుంటే నేను కాఫీ గ్లాసు ఇటు చివర పెట్టి, గ్యాసు దగ్గరికి వెళ్ళిపోయాను. గ్లాసు మెల్లగా వెళ్ళి ఆయన మోచేతి దగ్గర ఆగింది. ఆయన పేపరు దించి, టేబుల్ కాళ్ళవంక చూసి, రెండు కాళ్ళకింద చెక్కముక్కలు చూశారు. ఎక్కడివి అని అడిగారు.

షాపువి అన్నాను.