మంత్రసాని చేతిలో కత్తి

ఆ కత్తి అసలు ఆమెది కాదు. వీడియో గేమ్‌లో మనుషుల వేళ్లు సరిగ్గా ముడుచుకుంటున్నాయో లేదో చూడటానికి, తయారీలో ఉండగా అందరి చేతుల్లోనూ ఒకే కత్తి పెట్టి పరీక్షిస్తారు. వంటవాడికీ అదే, గుడ్డి ముసలాయనకీ అదే, మంత్రసానికీ అదే. ఈ సంగతి ఆఫీసులో కాఫీ మెషీన్‌కి కూడా తెలుసు. తెలియనిదల్లా మార్కెటింగ్ మహానుభావుడికే. ఆయన ఆ పరీక్ష వీడియోలోంచి ముక్క కోసుకుని, వెనకాల మంటలు పెట్టి, "ఇక దయ లేదు" అని రాసి, ట్రైలర్‌గా లోకం మీదికి వదిలాడు.

జనం వెర్రెత్తిపోయారు. మంత్రసాని టీషర్టుల మీదికెక్కింది.

ఆమెను రాసిన రచయిత్రికి ఒళ్లు మండిపోయింది. మండదూ మరి! యుద్ధంలో రెండు పక్షాల వాళ్లకీ పురుళ్లు పోసే మనిషి, మనిషి మీద ఆయుధమెత్తనని ఒట్టు పెట్టుకున్న మనిషి. కథంతా ఆ ఒట్టు మీదే నిలబడింది. పైగా ఆ మంత్రసాని ఎవరో కాదు, ప్రసూతి వార్డులో నర్సుగా చేసే సొంత అక్క. అక్క నడక, అక్క విసుగు, "అరవకు, ముక్కు తల్లీ" అనే కసురు, అన్నీ ఉన్నవున్నట్టు దింపేసింది.

బాస్ పిలిపించాడు. మార్కెటింగ్ ఆయన అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నాడు. "ట్రైలర్ చూసి జనం ఆటను ముందే కొనేశారమ్మా. రేపు ఆమె కత్తి తిప్పకపోతే మోసం అంటారు."

"మోసమే కదా సార్. చేసింది ఈయన."

మార్కెటింగ్ ఆయన నవ్వాడు. "పురుళ్లు చూడ్డానికి ఎవరొస్తారు మేడం?"

"మీరెలా వచ్చారేంటి?"

బాస్ బల్ల మీద చరిచాడు. "కత్తి వాడాలి. రక్తం కనపడాలి. మీరు రాయకపోతే ఇంకొకళ్లు రాస్తారు."

ఇంటికొచ్చేసరికి అక్క ఉతికిన బట్టలు మడతపెడుతోంది. "ఏమే, నా చేతికి కత్తిచ్చావట? వార్డంతా నవ్వుతున్నారు."

"నేనివ్వలేదక్కా! ఆ దరిద్రుడు..." అంటూ ఆఫీసులో జరిగిందంతా కక్కేసింది.

అంతా విని అక్క దుప్పటి దులిపింది. "వాడమన్నారుగా, వాడు. కత్తెర లేనిచోట నొప్పులొస్తే ఏం చేస్తామే?"

రచయిత్రి ఒక్క ఉదుటున లేచి లాప్‌టాప్ తెచ్చుకుని, బట్టల మధ్యే కూర్చుని రాసేసింది. ముట్టడిలో పడిన ఊరు. పారిపోతున్న సైనికుడి కత్తి లాక్కుని, మరిగే నీళ్లలో ముంచి, మంత్రసాని అప్పుడే పుట్టిన పాప బొడ్డుతాడు కోస్తుంది. కత్తి అవతల పారేసి పాపను ఎత్తుకుంటుంది. కత్తి ఉంది, వాడింది, రక్తమూ ఉంది. బాస్ చదివి సరేననేశాడు. వాళ్ల తిక్క కుదిరిందనుకుంది ఆమె.

ఆట విడుదలకు ముందు, అక్కాచెల్లెళ్లు బస్సు కోసం నిలబడినచోట గోడ మీద కొత్త పోస్టరు. చెమటలు కక్కుతున్న మంత్రసాని. చేతిలో కత్తి, అంచున రక్తం. కింద "ఈసారి ఎవరినీ వదలదు."

రచయిత్రి అక్కడికక్కడే ఫోన్ చేసింది. "పాప ఏది?"

"ఫ్రేములో పట్టలేదు మేడం," అన్నాడు మార్కెటింగ్ ఆయన హుషారుగా. "రక్తం మాత్రం అదిరిపోయింది!"

అక్క సంచి భుజానికి ఎగదోసుకుని, పోస్టరు మూల కింద గోరు దూర్చి బర్రున లాగింది. చెల్లెలు ఫోన్ పెట్టేసి రెండో మూల పట్టుకుంది.