విద్య చేతిలో చీమలు

చంద్రపూర్ పక్కన దుర్గాపూర్‌లో ఎండలు ముదిరితే ముందుగా కాలేవి కూలర్ మోటార్లే. మాడిన తీగ పీకి కొత్త రాగితీగ చుట్టడం విద్య పని. పొద్దంతా కుడిచేత్తో తీగ చుట్టే మిషన్ పిడి తిప్పుతుంది, చుట్టిన తీగను అదే చేతి వేళ్ళతో మోటారు సందుల్లోకి దూరుస్తుంది. వెంట్రుకంత తీగ. ఎక్కడన్నా గీరుకుపోతే కంటికి కనపడదు, వేలికే తెలియాలి.

దుకాణం షట్టర్ దించే వేళకు ఆమె బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలి గోళ్ళ కిందనుంచి చీమలు బయటికొస్తాయి. తల్లి రాజక్క బల్ల మీద చిటికెడు చక్కెర పోస్తుంది.

"ఇయ్యాల ఆలస్యమైందేందే?"

"ఏమో, నన్నడిగి వస్తయా?"

తిని, బారుగా మళ్ళీ గోళ్ళ కిందికే పోతాయి. తిమ్మిరున్న చోట చీమలుండవా? పక్కింటి సత్తమ్మ కాలికి ఎర్రచీమలు. ఆమెకంటే నయమే.

విద్య భయమల్లా వేళ్ళ గురించే. గీరుకున్న తీగ తెలియక చుట్టిన మోటారు గిరాకీ ముందరే పొగలు కక్కింది. దానికంటే ఘోరం ఇంకొకటి. గడ్‌చాందూర్ నుంచి బస్సులో మోటార్లు తెచ్చే ప్రశాంత్, మొన్న మోటారు అందిస్తూ ఆమె వేళ్ళ మీద తన వేళ్ళు ఉంచాడు. ఉంచాడని ఆమెకు చూస్తేనే తెలిసింది. ఆమెలో ఉలుకూ పలుకూ లేకపోయేసరికి అతను చిన్నబోయి వెళ్ళిపోయాడు.

చూపించుకున్న డాక్టరు, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయింది, కోసి వదులు చేయాలని చెప్పి సోమవారం రమ్మన్నాడు. "వేళ్ళకు స్పర్శ వస్తదా సార్?" అంటే "బహుతేక్" అన్నాడు మరాఠీలో. చాలావరకు అని. ఆ చాలావరకులో రానిదేదో అదే తన పాలబడుతుందేమోనని విద్యకు అన్నం సహించలేదు.

కోసేముందు ఇంకొకరికి చూపిద్దామని రాజక్క పోరింది. శనివారం చంద్రపూర్‌లో ప్రతిభ మేడం దగ్గరికి పోయారు. రాజూరా వైపు తెలుగింటి బిడ్డ, స్కాన్‌లో చూస్తూ సూది వేస్తుందట.

ఆమె చల్లటి జెల్ రాసి మిషన్ మూతి మణికట్టు మీద ఆనించింది. తెరంతా బూడిదరంగు మసక.

"చక్కెర తెచ్చిన్రా అక్కా?"

రాజక్క కొంగుముడి విప్పి విద్య అరచేతిలో పోసింది. తెర మీద చీమలు కదిలాయి. మణికట్టు కింద ఏ అడ్డూ లేకుండా నడుస్తున్నాయి. ప్రతిభ మిషన్ మూతిని మెల్లగా పైకి జరిపింది. మోచేతి కిందికి రాగానే, కండల నడుమ బారు నిలిచిపోయింది. వారపు అంగడి రోజు గోండ్‌పిప్రి బస్సు తలుపు కాడ జనంలాగా ఒకదానిమీదొకటి తొక్కుకుంటున్నాయి.

"ఇగో, ఇరుకు ఈడున్నది. మణికట్టు కోస్తే ఏం లాభం?"

"తీగ తెగిందా మేడం?" అంది విద్య.

"తెగలే. కండ బిగుసుకొని నరాన్ని వత్తుతున్నది. నీళ్ళమందుతోని విడదీస్త. కదలకు."

"సూది నరానికే తగిల్తే?" అంది రాజక్క.

"చూసుకుంటనే పోతున్న గద అక్కా. నువ్వు కండ్లు మూసుకో."

రాజక్క మూసుకుంది. విద్య మూయలేకపోయింది. తెర మీద తెల్లగీతలా సూది దిగింది. నరం చుట్టూ నీళ్ళు నల్లగా విచ్చుకున్నాయి. చీమలు ఒకటొకటే దారిపట్టాయి.

"ఇయ్యాల్నే తెలుస్తదనుకోకు. మెల్లగ వస్తది. కొన్నాళ్ళు పిడి ముట్టకు."

సోమవారం ఆపరేషన్‌కు పోలేదు. రోజూ తీగ తడిమేది. ఏమీ తెలిసేది కాదు. తప్పు చేశామా అని తల్లిని అడిగేది. చీమలు మాత్రం బయటికొచ్చినన్ని లోపలికి పోవడం లేదు. చక్కెర తిని కొన్ని గడప దాటుతున్నాయి.

ఒక సాయంత్రం ప్రశాంత్ వచ్చాడు. చేతికివ్వకుండా మోటారు నేల మీద పెట్టబోయాడు.

"ఈడ పెడుతున్న."

"చేతికియ్యరాదు?"

"బరువున్నది."

"నేనేం మైనపుబొమ్మనా? ఇయ్యి."

ఇచ్చాడు. మోటారు కింద వేళ్ళూ వేళ్ళూ తగిలాయి. ఆమె చూపుడువేలి గోరు కిందనుంచి ఒకే ఒక్క చీమ వచ్చింది. చక్కెర వైపు చూడనైనా చూడకుండా అతని వేలి మీదికి దాటింది.

"ఏందో చీమ పారినట్టైంది," అన్నాడు ప్రశాంత్, చెయ్యి తీయకుండానే.

అది ఎత్తిన ఒక్కొక్క కాలూ, పెట్టిన ఒక్కొక్క కాలూ విద్య వేలికి ఇంకా తెలుస్తూనే ఉన్నాయి.

"నాక్కూడ తెలిసింది," అంది.