ఎముకల చదువు

సాయంత్రం వేళ ఏ మందుల షాపు ముందైనా కాసేపు నిలబడి చూడండి. మందుల కోసం వచ్చేవాళ్ళు కొందరైతే, కబుర్ల కోసం వచ్చేవాళ్ళు మరికొందరు. ఆ కబుర్లలో పిల్లల చదువుల ప్రస్తావన రాకుండా ఉండదు. "మీ అమ్మాయి ఏం చదువుతోంది?" అని అడగడంలో తప్పేమీ లేదు. జవాబు చెప్పలేక కన్నవాళ్ళు నీళ్ళు నమలడంలోనే ఉంది అసలు జబ్బు.

మన కథలోని మందుల షాపు యజమానికి ఒక్కతే కూతురు. విశ్వవిద్యాలయంలో బ్యాలే అనే పాశ్చాత్య నృత్యం ప్రధానాంశంగా నాట్యంలో డిగ్రీ చేస్తోంది. చేరతానన్నప్పుడు తండ్రి కాదనలేకపోయాడు గానీ, నలుగురిలో ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. ఒకరోజు ఆమె సంచిలో అస్థిపంజరం బొమ్మ ఉన్న పాఠ్యపుస్తకం కనిపించేసరికి ఆయనకు ప్రాణం లేచివచ్చింది. అప్పటినుంచి ఎవరడిగినా "ఎముకల గురించి చదువుతోందండీ" అనడం మొదలుపెట్టాడు. ఒళ్ళు ఎలా కదులుతుందో నాట్యం చేసేవాళ్ళకు తెలియాలి గనుక ఆ పాఠం ఉన్నమాట నిజమే. కాబట్టి అది అబద్ధం కాదని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

వీధి మాత్రం ఆ అమ్మాయిని డాక్టరమ్మను చేసి కూర్చోబెట్టింది. పై వాటా ఆవిడ నడుం చూపిస్తానంది. ఎదురింటాయన మెడ చూడమన్నాడు. "దానికి పరీక్షలండీ" అంటూ తండ్రి అందరినీ దాటవేస్తూ వచ్చాడు.

ఒక సాయంత్రం కూతురు షాపులో తండ్రికి సాయంగా ఉండగా ఒక బస్సు డ్రైవరు కుంటుతూ వచ్చాడు. ప్యాంటు పైకి మడిచి మోకాలు చూపించాడు. అది ఎర్రగా వాచి, కాలిపోతోంది.

"డాక్టరమ్మా, పొద్దున్నే డ్యూటీకెళ్ళాలి. నొప్పి తెలీకుండా గట్టి బిళ్ళేదైనా చెప్పు తల్లీ."

ఆమె తండ్రి వైపు చూసింది. ఆయన గొంతు తగ్గించి, "ఏదో ఒకటి చెప్పమ్మా, పోనీ" అన్నాడు.

"నాకు తెలీనిది ఎలా చెప్పను నాన్నా?" అని ఆమె డ్రైవరు వైపు తిరిగింది. "బాబాయ్, నేను డాక్టర్ని కాదు. డాన్సు చదువుతున్నాను. మా క్లాసులో ఎవరి మోకాలైనా ఇలా వాస్తే అడుగు కూడా వెయ్యనివ్వరు, ఆసుపత్రికి పంపించేస్తారు. మీరూ ఇప్పుడే వెళ్ళండి. బస్సు సంగతి తర్వాత."

బీపీ మాత్రల కోసం వచ్చిన రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్ కళ్ళద్దాలు సవరించుకుని, "డాన్సులో డిగ్రీయా? ఏం నేర్పుతారమ్మా అందులో?" అని అడిగింది.

ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. పొద్దున పూట సాధన, సంగీతం, నాట్య చరిత్ర, చిన్నపిల్లలకు నేర్పే పద్ధతి, అన్నీ చెప్పింది. "ఎగరడం తొందరగానే వస్తుంది టీచర్‌గారూ. కిందికి దిగడం నేర్చుకోవడానికే తల ప్రాణం తోకకొస్తుంది."

"మా బస్సూ అంతేనమ్మా. తోలడం తేలికే, ఆపడంలోనే ఉంది పనంతా" అన్నాడు డ్రైవరు. నొప్పిలోనూ నవ్వుతూ ఆసుపత్రికి బయలుదేరాడు. లోపల చీము పట్టిందని, సమయానికి వచ్చాడని అక్కడి డాక్టరు అన్నాడట.

ఇంటికి వచ్చాక తండ్రి ముఖం గంటు పెట్టుకున్నాడు. "నలుగురిలో నా పరువు తీసింది."

"మీరు కోసిన కోతకి అది మందు రాయాలా?" అంది తల్లి. "అది చేరినప్పటినుంచి ఒక్కసారైనా ఆ యూనివర్సిటీ గుమ్మం తొక్కారా మీరు?"

కూతురు నెమ్మదిగా అంది: "నువ్వు వద్దనుంటే గొడవపడైనా చదివేదాన్ని నాన్నా. నువ్వు వద్దనలేదు, దాచిపెట్టావు. ఎవరైనా డాక్టరమ్మా అని పిలిస్తే, నేనేదో చెయ్యకూడని పని చేస్తున్నట్టు ఉంటుంది."

ఆ శనివారం తల్లిదండ్రులను క్లాసుకు రానిస్తారని తెలిసి, ఆయన షాపు మూసి భార్యతో వెళ్ళాడు. పిలవకపోయినా హెడ్మిస్ట్రెస్ కూడా వచ్చేసింది.

పెద్ద గది, గోడంతా అద్దాలు, చెక్క నేల. మూలన ఒకాయన పియానో వాయిస్తున్నాడు. కూతురు పరుగున వచ్చి గాలిలోకి లేచింది, కాలు సరిగా ఆనక కూలబడింది. తండ్రి గభాలున లేచాడు. ఆమె మాత్రం నవ్వేసి మళ్ళీ మొదటికి వెళ్ళింది. మళ్ళీ పడింది. మరోసారి వెళ్ళింది. ఈసారి ఎంత ఎత్తుకు లేచిందో అంత మెత్తగా, చప్పుడు లేకుండా దిగింది. తండ్రికి కళ్ళు చెమ్మగిల్లాయి.

పక్కనున్న పెద్దమనిషి, "ఎవరండీ ఆ అమ్మాయి?" అన్నాడు.

"మా అమ్మాయండీ. డాన్సులో డిగ్రీ చేస్తోంది. బ్యాలే. ఎగరడం కంటే దిగడం కష్టమట తెలుసా?" అని మొదలుపెట్టి ఇక ఆపలేదు. చివరికి హెడ్మిస్ట్రెస్, "పాఠం జరుగుతోంది, కాస్త నోరు మూసుకోవయ్యా" అని కసిరింది.

బయటికొచ్చాక ఆవిడే అంది: "మార్కులు తక్కువొచ్చి కుంగిపోయిన పిల్లల్ని చూశాను. తమ చదువు పేరు చెప్పడానికి ఇంట్లోవాళ్ళు సిగ్గుపడితే, అంతకన్నా ఎక్కువ కుంగిపోయిన పిల్లల్నీ చూశాను. ఇష్టపడి, ఒళ్ళొంచి నేర్చుకునే ప్రతి చదువూ పెద్ద చదువే. దాని పేరు ముందు మన ఇంట్లో గట్టిగా పలకాలి. అప్పుడే లోకమూ మర్యాదగా పలుకుతుంది."