ఎలుకలని చెప్పకు

రేపు మావగారి తద్దినం. చాటలో మినప్పప్పు పోసుకుని రాళ్లు ఏరుతున్నాను. అత్తయ్య సూర్యప్రభ పక్కింటి కౌసల్యమ్మగారికి నన్ను చూపిస్తోంది. "మా సింధూర ఇంటికి రాగానే తలస్నానం చేస్తేగానీ వంటింట్లో అడుగుపెట్టదండీ. ఈ రోజుల్లో అంత శుచి ఎవరికుంది?"

నా తడిజుట్టుకి కారణం ఎలుకలు. ల్యాబ్‌లో వాటిని చంపి, రొమ్ముటెముక వెనకుండే థైమస్ గ్రంథిని తీస్తాను. రోగాన్ని ఎదిరించే టీ కణాలు పెరిగేది అందులోనే. సొంత ఒంటిమీదే తిరగబడే కణాల్ని ఏరెయ్యడమూ అక్కడే. ఆ ఎంపిక సరిగా సాగేలా చూసే వాటిలో ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క ఉంది. అది ప్రొటీన్‌గా మారదు. ప్రొటీన్ తయారీకి కబురు మోసుకెళ్లే పెద్ద ఆర్‌ఎన్‌ఏని పట్టుకుని ఆపుతుంది, అంతే. ఆ ముక్క లేని ఎలుక పిల్లలు ఈ కాన్పులో పుట్టాయి. రేపటికి వాటికి నాకు కావలసిన వయసు. దాటితే మళ్లీ నెలలు ఆగాలి, నా ఫెలోషిప్ అన్నాళ్లు ఉండదు.

"రేపు నువ్వు రాకుంటే ఎట్ల మేడం? గీ పిల్లలు నీ కోసం పెరుగుడు ఆపుతయా?" అంది ఇవాళ ల్యాబ్‌లో ఎలుకల గది చూసుకునే యాదలక్ష్మి.

మా ఆయన పట్టాభి మాట వేరు. "కణాలే కదా, రెండ్రోజులు ఫ్రిజ్‌లో పెట్టు." పెళ్లయిన కొత్తలోనూ ఆయనే అన్నాడు, "అమ్మకి ఎలుకలని చెప్పకు. కంప్యూటర్ పనని నేను చెబుతాలే." ఆరేళ్లుగా ఆ కంప్యూటర్‌తోనే కాపురం చేస్తున్నాను. ఒకసారి మంచి ఫలితం వచ్చింది. మెట్రో మలక్‌పేట దాటుతుంటే ఆగలేక ఆయనకి ఫోన్ చేశాను. "దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాక పెరుగు తే" అన్నాడు. మిగతా దారంతా అద్దంలో నా మొహమే నాకు తోడు.

కౌసల్యమ్మగారు వెళ్లారు. మడిచీర ఆరేసి రమ్మని అత్తయ్య నా చేతికివ్వబోయింది. తీసుకోలేదు.

"అత్తయ్యా, రేపు వంటకి మనిషిని పిలుచుకోండి. నాది కంప్యూటర్ పని కాదు. ల్యాబ్‌లో ఎలుకల్ని చంపుతాను. రేపు కూడా వెళ్లి చంపాలి."

"సింధూరా!" పట్టాభి హాల్లోంచి లేచొచ్చాడు.

అత్తయ్య చీరని గుండెకి హత్తుకుని ఒకడుగు వెనక్కి వేసింది. నా చేతులవంకే చూసింది.

"ఎందుకే?" అంది.

అసహ్యమో, భయమో నాకు తెలియలేదు. ఆ ఇంట్లో నా పని గురించి నన్ను అడిగిన మొదటి ప్రశ్న మాత్రం అదే.