నీడపట్టున కారు

కార్ల కంపెనీ ఫోన్ల గదిలో ఆ వారమంతా ఆమెకు ఒకటే పని. కరెంటు కార్ల బ్యాటరీలు అంటుకునే ప్రమాదం ఉందని తేలింది. బాగుచేయడానికి వాటిని వెనక్కి పిలిపిస్తున్నామని యజమానులకు ఫోన్ చేసి చెప్పాలి. అయితే "మంట" అన్న మాట మాత్రం నోట రాకూడదని సూపర్‌వైజర్ హుకుం. జనం హడలిపోతారట! "బ్యాటరీ కాస్త వేడెక్కే అవకాశం ఉందండీ. ఛార్జింగ్ పెట్టకండి. వీలైతే ఆరుబయట ఉంచండి." పొద్దున్నుంచీ ఇవే చిలకపలుకులు. ఒక పెద్దావిడయితే "అయ్యో, అలాగా! తడిగుడ్డ కప్పిస్తాలే తల్లీ" అంది. ఆమె నవ్వాపుకుని, థాంక్స్ చెప్పి పెట్టేసింది.

మధ్యాహ్నం భోజనం వేళ అక్కకు ఫోన్ చేసింది. వాళ్లదీ అదే కారు. పొద్దున బావకు చెప్పిందీ తనే.

"చంటిది పడుకుందా అక్కా?"

"పైగదిలో ఇప్పుడే పడుకుంది. మీ బావేమో కారు సేవలో ఉన్నాడు. నాకెప్పుడైనా అంత సేవ చేశాడా?"

"సేవేంటి?"

"వేడెక్కుతుందని నువ్వేగా చెప్పావు! బయట ఎండ మాడ్చేస్తోందని షెడ్డులో పెట్టి, టేబుల్ ఫ్యాను కూడా వేశాడు. నీడపట్టున చల్లగా ఉంది మహారాణి."

ఆమె దిగ్గున లేచింది. చంటిది పడుకున్న గది సరిగ్గా ఆ షెడ్డు మీదే.

"అక్కా, అది అంటుకుంటుందే! మంటలొస్తాయి! ముందు పిల్లని తీసుకుని బయటికి పో. బావని కారు రోడ్డు మీదికి తోసెయ్యమను!"

"ఓసి నీ... ఆ ముక్క పొద్దున్నే ఏడవచ్చుగా!"

ఫోను చేత్తో పట్టుకునే అక్క పరుగెత్తిన చప్పుడు. మెట్ల మీద అడుగులు. కాసేపటికి నిద్ర చెడిన పిల్ల ఏడుపు, దాని వెనక రోడ్డు మీది హారన్లు. బయటికి వచ్చేశారు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

తలెత్తేసరికి గదంతా ఆమెనే చూస్తోంది. వెనక సూపర్‌వైజర్.

"ఆ మాట వద్దన్నానా లేదా?"

"మా అక్కండీ..."

"సరే, సొంతవాళ్లు కాబట్టి ఊరుకుంటున్నా. ఇంకోసారి వినబడితే ఇంటికి పోతావు."

ఆమె తలూపింది. అన్నం డబ్బా మూసి పక్కకు నెట్టింది. ఆయన ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. పొద్దుటి నంబరు వెతికి కలిపింది. అటువైపు పెద్దావిడే ఎత్తింది.

"అమ్మా, పొద్దున చేసింది నేనే. మీకు సరిగ్గా చెప్పలేదు. మీ కారు అంటుకోవచ్చు."